ముల్లు చెప్పే నిజం

పాఠ్యభాగ ఉద్దేశం

నేటి జీవితంలో మనిషి అనేక నిర్ణయాలను కొలత పరికరాల మాట మీద ఆధారపడి తీసుకొంటున్నాడు. ఆ పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో స్వయంగా పరీక్షించి తెలుసుకొనే శాస్త్రీయ దృష్టిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం. పాతకాలపు కారులోని ఉష్ణమాపకాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని వివరించడం జరిగింది.

పాఠం

శరీరానికి జ్వరం వస్తే నుదుటి మీద చేయి వేసి చూస్తాం. ఆ అంచనా చాలదనుకొంటే థర్మామీటరు పెడతాం. కాని, నడుస్తున్న ఇంజను మీద చేయి వేసి దాని వేడిని తెలుసుకోవడం సాధ్యం కాదు. అందువల్లనే మోటారు వాహనాలలో డ్రైవరు ఎదుట ఉన్న పలక మీద ఒక చిన్న మీటరును అమర్చారు. అందులోని ముల్లు ఇంజనులో తిరుగుతున్న నీటి వేడిని సూచిస్తుంది. వాడుకలో దానిని టెంపరేచర్ మీటరు అంటారు. తెలుగులో ఉష్ణమాపకం అనవచ్చు. దూరప్రయాణం చేసే డ్రైవరు మధ్య మధ్య ఆ ముల్లు వైపు చూసి ధైర్యం తెచ్చుకొంటాడు. ఆ ధైర్యానికి ఆధారమైన ముల్లు నిజమే చెబుతున్నదా? ఈ ప్రశ్న వేసుకొనేవారు తక్కువ.

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో కారు అనగానే ఒక తరం వారికి మొదట గుర్తుకు వచ్చేది అంబాసిడర్. హిందుస్థాన్ మోటార్స్ సంస్థ బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును అనుసరించి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో దీనిని తయారుచేసింది. 1950ల చివరిలో మొదలైన ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. పెండ్లిబృందాలను, రోగులను, అధికారులను దశాబ్దాలపాటు మోసిన ఆ కార్లను నేడు కొందరు అపురూపంగా కాపాడుకొంటున్నారు. 50 సంవత్సరాలు నిండి, తమ తొలి రూపాన్ని కోల్పోని వాహనాలకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ప్రకటించింది. అటువంటి వాహనాల నంబరులో ‘వి.ఎ.’ అనే అక్షరాలు ఉంటాయి. తొలి రూపం నిలుపుకోవాలంటే పాత మీటర్లను కూడా నిలుపుకోవాలి. నిలుపుకొన్న మీటరును నమ్ముకోవాలంటే దానిని పరీక్షించక తప్పదు.

వేడి ఎందుకు ప్రమాదం?

పాతకాలపు పెట్రోలు ఇంజనులో ఇంధనం ఇచ్చే శక్తిలో ఇంచుమించు నాలుగోవంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. అందులో కొంత పొగగొట్టం ద్వారా పోతుంది. మరికొంత ఇంజను చుట్టూ ఉన్న నీటి దారులలోని నీరు గ్రహించి, రేడియేటరులో గాలికి విడిచిపెడుతుంది. సిలిండరులో ఇంధనం మండే క్షణంలో అక్కడి వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. ఆ నిప్పుకు, ఇనుముకు నడుమ కాపలా కాసేది ఆ కొద్దిపాటి నీరే.

ఆ నీరు తగ్గినా, తిరగకపోయినా, మరిగి ఆవిరైనా సిలిండరు హెడ్ వంకరపోతుంది లేదా పగులుతుంది. హెడ్‌కు అడుగున ఉండే గ్యాస్కెట్ కాలిపోతుంది. నీరు ఇంజను ఆయిల్‌లో కలుస్తుంది. చివరకు పిస్టన్లు బిగిసిపోతాయి. డ్రైవర్లు దీనినే ‘ఇంజను సీజ్ అయింది’ అంటారు. అద్దెకు కారు నడిపి కుటుంబాన్ని పోషించుకొనే మనిషికి ఆ ఒక్క మాట నెలల సంపాదనను తుడిచిపెడుతుంది.

శ్రీకాకుళం నుంచి రాజాం, బొబ్బిలి మీదుగా సాలూరు చేరి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి ఒడిశాలోని కొరాపుట్‌కు వెళ్లే దారిని గమనించండి. సముద్రతీరానికి దగ్గరగా ఉన్న శ్రీకాకుళం ఎత్తు సముద్రమట్టానికి కొద్ది మీటర్లే. కొరాపుట్ ఎత్తు దాదాపు 870 మీటర్లు. ఎండాకాలం మధ్యాహ్నం నిండు ప్రయాణికులతో, చిన్న గేరులో, తక్కువ వేగంతో కొండ ఎక్కుతున్న పాత కారుకు ఎదురుగాలి తగలదు. ఇంజను పని మాత్రం ఎక్కువ. అటువంటి చోట ముల్లు అబద్ధం చెబితే కంచే చేను మేసినట్లు అవుతుంది.

మీటరు ఎట్లా పనిచేస్తుంది?

పాత కార్లలో ఉష్ణమాపకాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో ఈథర్ వంటి త్వరగా ఆవిరయ్యే ద్రవంతో నిండిన చిన్న లోహపు బుడ్డి ఇంజను నీటిలో మునిగి ఉంటుంది. దాని నుంచి సన్నని రాగి గొట్టం మీటరు వరకు వస్తుంది. నీరు వేడెక్కినకొద్దీ ద్రవం ఆవిరై, గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మీటరులోని వంపు గొట్టం కొద్దిగా విచ్చుకొని ముల్లును జరుపుతుంది. ఈ వంపు గొట్టానికి ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ బోర్డన్ 1849లో పేటెంటు పొందాడు.

రెండవ రకం విద్యుత్తుతో పనిచేసేది. ఇంజనుకు బిగించిన సెన్సరు వేడెక్కినకొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. అప్పుడు ఎక్కువ విద్యుత్తు ప్రవహించి ముల్లు పైకి జరుగుతుంది. బ్యాటరీ వోల్టేజి మారినా ముల్లు చలించకుండా అనేక కార్లలో ఒక స్థిరీకరణ సాధనం ఉంటుంది. పెట్రోలు మీటరుకు కూడా అదే ఆధారం. కాబట్టి పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండూ ఒకేసారి ఎక్కువగానో తక్కువగానో చూపితే, ముందుగా ఆ సాధనాన్నే అనుమానించాలి.

ఇక్కడ ఒక విషయాన్ని ప్రత్యేకంగా గుర్తించాలి. మొదటి రకంలో గొట్టం చిట్లి ద్రవం పోతే ముల్లు కిందికి పడిపోతుంది. రెండవ రకంలో తీగ తెగితే కూడా ముల్లు కిందికే పడిపోతుంది. అంటే చచ్చిపోయిన మీటరు ‘ఇంజను చల్లగా ఉన్నది’ అనే చెబుతుంది. అంతకంటె వింతైన సంగతి మరొకటి ఉన్నది. రేడియేటరులో నీరు బాగా తగ్గిపోయినప్పుడు బుడ్డి లేదా సెన్సరు నీటిలో మునగకుండా ఖాళీ చోటులో ఉండిపోతుంది. అప్పుడు ఇంజను కాలిపోతున్నా ముల్లు నెమ్మదిగా దిగిరావచ్చు. మీటరు చెడిపోలేదు. అది తనను తాకుతున్నదాని వేడినే చెబుతున్నది. తనకు అందని దానిని గురించి ఏ పరికరమూ సాక్ష్యం చెప్పలేదు. అందుచేత మీటరును పరీక్షించే ముందు, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, నీటిమట్టం సరిగా ఉన్నదో లేదో చూడటం మొదటి పని. వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితులలోను తీయరాదు. ఒత్తిడిలో ఉన్న నీరు మూత తీయగానే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

చెదరని గుర్తులు

ఒక కొలతను పరీక్షించాలంటే మార్పు లేని మరొక గుర్తు కావాలి. శ్రీకాకుళం పక్కనే ఉన్న అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో ఏటా మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు గర్భగుడిలోని మూలవిరాట్టును తాకుతాయి. పంచాంగం చేతిలో లేకపోయినా ఆ రోజులను సూర్యుడే చెబుతాడు. ఉష్ణోగ్రత విషయంలో అటువంటి చెదరని గుర్తులు రెండు. ఒకటి కరుగుతున్న మంచు, రెండవది మరుగుతున్న నీరు.

స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో ఈ రెండు గుర్తుల నడుమ దూరాన్ని నూరు భాగాలు చేశాడు. మొదట ఆయన మరిగే నీటికి 0, గడ్డకట్టే నీటికి 100 అని పెట్టాడు. తరువాతివారు దానిని తిరగవేశారు. మంచు కరిగే వేడి దాదాపు ఎక్కడైనా ఒక్కటేనని, నీరు మరిగే వేడి మాత్రం గాలి ఒత్తిడిని బట్టి మారుతుందని కూడా ఆయన గుర్తించాడు. ఎత్తు పెరిగినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున నీరు మరిగే వేడి తగ్గుతుంది. అందువల్ల శ్రీకాకుళంలో 100 డిగ్రీల వద్ద మరిగే నీరు కొరాపుట్‌లో సుమారు 97 డిగ్రీలకే మరుగుతుంది. పూర్వం సర్వేయర్లు మరిగే నీటిలో థర్మామీటరు ఉంచి, కొండల ఎత్తును లెక్కగట్టేవారు.

దీనివల్ల తీరప్రాంతంలో నివసించేవారికి ఒక సౌకర్యం ఉన్నది. వారి వంటింటిలో మరిగే నీరే ఒక నమ్మదగిన ప్రమాణం.

పరీక్షించే విధానం

మొదట థర్మామీటరును పరీక్షించాలి. ప్రయోగశాలలో వాడే, 110 డిగ్రీల వరకు చూపగల థర్మామీటరు ఇందుకు తగినది. జ్వరం చూసే థర్మామీటరు ఈ పనికి పనికిరాదు. దంచిన మంచుముక్కలు, కొద్దిపాటి నీరు కలిపిన గ్లాసులో అది 0 చూపాలి. మరిగే నీటిలో 100 చూపాలి. తేడా ఉంటే దానిని రాసిపెట్టుకోవాలి.

తరువాత చల్లారిన ఇంజను నుంచి కొంత నీరు దించి, బుడ్డిని లేదా సెన్సరును జాగ్రత్తగా విప్పాలి. రాగి గొట్టం నలగకూడదు, మడతపడకూడదు. ఒక గిన్నెలో నీరు పోసి, బుడ్డిని, థర్మామీటరును పక్కపక్కనే వేలాడదీయాలి. రెండూ గిన్నె అడుగుకు తగలరాదు, ఎందుకంటే అడుగు భాగం నీటికంటె వేడిగా ఉంటుంది. విద్యుత్ సెన్సరు అయితే దాని తీగను తగిలించి ఉంచాలి. సెన్సరు లోహపు ఒంటిని మరొక తీగతో కారు శరీరానికి కలిపి, తాళంచెవి తిప్పి ఉంచాలి. ఈథర్ మండే స్వభావం కలది కాబట్టి బుడ్డికి మంట తగలనీయరాదు. పొయ్యిని కారుకు, పెట్రోలు గొట్టాలకు దూరంగా ఉంచాలి. గొట్టం పొడవు చాలకపోతే మరిగించిన నీటిని గిన్నెతో కారు వద్దకు తెచ్చి, అది చల్లారుతుండగా చూసుకోవచ్చు.

నీటిని నెమ్మదిగా వేడిచేస్తూ, కలియబెడుతూ, 40, 60, 80, 90, 100 డిగ్రీల వద్ద కాసేపు ఆపి, ముల్లు స్థానాన్ని రాసుకోవాలి. అంకెలు లేని మీటరు అయితే ముల్లు నిలిచిన చోటును కాగితం మీద బొమ్మగా గీసుకోవాలి. తరువాత నీరు చల్లారేటప్పుడు కూడా అవే అంకెల వద్ద మళ్లీ చూడాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ముల్లు వేర్వేరు చోట్ల నిలిస్తే దానికి బద్ధకం ఉన్నదని తెలుస్తుంది.

బుడ్డిని విప్పడం వీలుకాని చోట మరొక మార్గం ఉన్నది. అనేక కార్లలో ఇంజను నీటిని రేడియేటరుకు వదిలే థర్మోస్టాట్ సుమారు 82 డిగ్రీల వద్ద తెరుచుకొంటుంది. అప్పటివరకు చల్లగా ఉన్న పై గొట్టం ఒక్కసారిగా వేడెక్కుతుంది. ఆ క్షణంలో ముల్లు ఎక్కడ ఉన్నదో చూడాలి. పరిశ్రమలలో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో దూరం నుంచి కూడా వేడిని చూడవచ్చు. కాని మెరిసే లోహం మీద గురిపెడితే అది ఉన్న వేడికంటె తక్కువ చూపుతుంది. నల్లని రబ్బరు గొట్టం మీద గాని, నల్లరంగు వేసిన భాగం మీద గాని గురిపెట్టాలి.

ఫలితాన్ని చదవడం

ఒక కారులో ఈ క్రింది విధంగా అంకెలు వచ్చాయని అనుకొందాం.

థర్మామీటరు 40 – మీటరు 40
థర్మామీటరు 60 – మీటరు 58
థర్మామీటరు 80 – మీటరు 74
థర్మామీటరు 90 – మీటరు 82
థర్మామీటరు 100 – మీటరు 90

చల్లగా ఉన్నప్పుడు ఈ మీటరు సత్యవంతురాలు. వేడి పెరిగినకొద్దీ దాని మాట నిజానికి దూరమవుతున్నది. అవసరం లేనప్పుడు నిజం చెప్పి, అవసరమైనప్పుడు తప్పుదారి పట్టించే ఇటువంటి మీటరే ఎక్కువ ప్రమాదకరం.

రేడియేటరు మూత చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడిని నిలుపుతుందని అనుకొందాం. అప్పుడు శ్రీకాకుళంలో లోపలి నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరగదు. కొండ మీద గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, కొరాపుట్ ఎత్తులో ఆ హద్దు సుమారు 109 డిగ్రీలకు దిగుతుంది. పై మీటరు 100 చూపేటప్పటికి అసలు వేడి 110 దాటి ఉంటుంది. అంటే ‘ఇంకా కొంత దూరం పోవచ్చు’ అని డ్రైవరు అనుకొనే సమయానికి నీరు మరగడం మొదలై ఉంటుంది.

తప్పు తెలిసిన తరువాత దారులు మూడు. సెన్సరు ఆ మీటరుకు సరిపడినది కాకపోతే సరైనదానిని అమర్చాలి. మీటరే బలహీనపడితే నిపుణునితో బాగుచేయించాలి. ఆ రెండూ సాధ్యం కానప్పుడు, అసలు వేడికి ముల్లు స్థానానికి గల సంబంధాన్ని ఒక చీటీ మీద రాసి డ్రైవరుకు కనిపించే చోట అంటించాలి. తప్పు ఎంతో తెలిసిన మీటరు కొంతవరకు ఉపయోగపడుతుంది. తప్పు ఉన్నదో లేదో తెలియని మీటరు ఎంత అందంగా మెరిసినా దానిని నమ్మి కొండ ఎక్కరాదు.

కొలతల పరంపర

వంటింటి గిన్నెలో జరిగిన ఈ చిన్న పరీక్ష వెనుక ఒక పెద్ద వ్యవస్థ ఉన్నది. కారు మీటరును థర్మామీటరుతో పోల్చాం. థర్మామీటరును కర్మాగారం మరింత సూక్ష్మమైన దానితో పోల్చి ఉంటుంది. ఆ పరంపర మన దేశంలో న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వరకు వెళుతుంది. దేశపు కొలతల ప్రమాణాలను కాపాడే బాధ్యత ఆ సంస్థది. నూరు అని మనం చెప్పుకొనే నీరు మరిగే వేడి కూడా, 1990 నాటి అంతర్జాతీయ ఉష్ణోగ్రతా మానం ప్రకారం, సాధారణ వాతావరణ పీడనం వద్ద 99.974 డిగ్రీలని తేలింది. 2019 మే 20 నుంచి ఉష్ణోగ్రత ప్రమాణమైన కెల్విన్‌ను నీటి స్వభావం మీద గాక, ప్రకృతిలోని ఒక స్థిరాంకం మీద ఆధారపడి నిర్వచిస్తున్నారు. ప్రమాణాన్ని కూడా ప్రశ్నించి సరిదిద్దుకోవడమే విజ్ఞానశాస్త్రం గొప్పతనం.

ఆసుపత్రిలో రక్తపోటు చూసే పరికరానికి, రేషను దుకాణంలోని తూకానికి, పెట్రోలు బంకులోని కొలతకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. పరికరాన్ని గుడ్డిగా నమ్మడం అమాయకత్వం. దేనినీ నమ్మననడం మూర్ఖత్వం. తెలిసిన దానితో పోల్చి, ఎంతవరకు నమ్మవచ్చునో తేల్చుకోవడం వివేకం. ఒక థర్మామీటరు, ఒక గిన్నెడు నీరు, కాస్త ఓపిక ఉంటే ఆ వివేకం ఎవరికైనా అందుబాటులోనే ఉన్నది. ఘాట్ రోడ్డు ఎక్కబోయే కారులో కూర్చున్న ప్రయాణికుల క్షేమం ఆ ఓపిక మీద ఆధారపడి ఉంటుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఉష్ణమాపకం = వేడిని కొలిచే పరికరం
అపురూపంగా = అరుదైన వస్తువుగా భావించి, ప్రీతితో
నిరోధం = అడ్డగించే గుణం
స్థిరీకరణ = మార్పు లేకుండా నిలపడం
మూలవిరాట్టు = గర్భగుడిలో ప్రతిష్ఠించిన ప్రధాన విగ్రహం
ప్రమాణం = సరిచూసుకోవడానికి ఆధారమైన కొలత
పరంపర = వరుస
స్థిరాంకం = మారని విలువ

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత కారులోని ఉష్ణమాపకాన్ని పరీక్షించే విధానాన్ని వివరించండి.
2. ‘పరికరాన్ని గుడ్డిగా నమ్మడం అమాయకత్వం’ అనే భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ. సందర్భసహిత వ్యాఖ్యలు
1. తనకు అందని దానిని గురించి ఏ పరికరమూ సాక్ష్యం చెప్పలేదు.
2. ఆ నిప్పుకు, ఇనుముకు నడుమ కాపలా కాసేది ఆ కొద్దిపాటి నీరే.

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. అంబాసిడర్ కారు ఉత్పత్తి ఎప్పుడు ఆగిపోయింది?
2. కొరాపుట్‌లో నీరు సుమారు ఎన్ని డిగ్రీల వద్ద మరుగుతుంది?
3. విద్యుత్ మీటరు తీగ తెగితే ముల్లు ఎటు జరుగుతుంది?
4. మన దేశంలో కొలతల ప్రమాణాలను కాపాడే సంస్థ ఏది?